స్టీమ్ వర్క్‌షాప్: మాడ్‌లు ఉచితంగా ఉండటమే సబబు

జర్మనీ రహదారులపై లారీ నడిపి నడిపి, అలిపిరి దాటి ఘాట్ రోడ్డెక్కే సప్తగిరి బస్సును కూడా అదే తెర మీద చూసుకోవాలనిపించడం తిరుపతిలో యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 ఆడేవారికి సహజం. చెక్ దేశానికి చెందిన ఎస్‌సీఎస్ సాఫ్ట్‌వేర్ 2012లో విడుదల చేసిన ఈ గేమ్‌లో అటువంటి బస్సు లేదు. ఆ లోటు తీర్చేవి మాడ్‌లే, అంటే గేమ్‌లో కొత్తవి చేర్చడానికో ఉన్నవి మార్చడానికో అభిమానులు తయారుచేసే ఫైళ్లు. గేమ్‌లు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో వాటిని అందించే విభాగమైన స్టీమ్ వర్క్‌షాప్‌ను చాలాకాలంగా వాడుతున్నాను కనుక, దాని మంచిచెడులతో పాటు మాడ్‌లకు వెల కట్టడం న్యాయమేనా అన్నదీ ఇక్కడ రాస్తున్నాను.

వాడకం తేలిక. మాడ్ పేజీలో సబ్‌స్క్రైబ్ నొక్కితే చాలు, ఫైళ్లు దించుకోవడం, తయారుచేసినవారు సరిదిద్దినప్పుడు కొత్తవి తెచ్చుకోవడం స్టీమే చూసుకుంటుంది. గేమ్‌లోని మాడ్ మేనేజర్‌లో వరుస మాత్రం మనమే సరిచూసుకోవాలి. పైనున్న మాడ్ కిందిదాన్ని కప్పేస్తుంది కాబట్టి, బస్సు మాడ్ కన్నా పైన దాని రంగుల మాడ్ ఉండాలి. నా బస్సుకు స్టీరింగ్ కుడివైపునే ఉంది, ముందు బోర్డు మీద తిరుమల అని తెలుగులోనే కనిపిస్తుంది. దీన్ని ఎవరో పైసా తీసుకోకుండా చేసి పెట్టారంటే వారిపై గౌరవం కలుగుతుంది.

చిక్కల్లా గేమ్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడే. నిన్నటిదాకా చక్కగా నడిచిన మ్యాప్ మాడ్ వల్ల ఈరోజు గేమ్ తెరుచుకోకుండానే మూసుకుపోవచ్చు. స్టీమ్‌లో గేమ్ ప్రాపర్టీస్‌కు వెళ్లి, బీటాస్ విభాగంలో పాత వెర్షన్ ఎంచుకుని సర్దుకోవాలి. ఉచితంగా వచ్చినదానికైతే ఈ ఓపిక పడతాం కానీ, డబ్బు పోసి కొన్నదానికి పట్టాల్సిన అవసరం లేదు.

2015 ఏప్రిల్‌లో స్టీమ్‌ను నడిపే వాల్వ్, స్కైరిమ్ అనే గేమ్ తయారుచేసిన బెథెస్డా కలిసి ఆ గేమ్ మాడ్‌లను ఇదే వర్క్‌షాప్‌లో అమ్మకానికి పెట్టాయి. వచ్చిన సొమ్ములో మాడ్ చేసినవారికి దక్కింది 25 శాతమే, మిగిలిన 75 శాతం ఆ రెండు కంపెనీలది. కొన్న మాడ్‌ను తిరిగివ్వడానికి 24 గంటలే గడువు, ఆ తర్వాత అది మరో మాడ్‌తో పొసగక గేమ్ ఆగిపోయినా దిక్కులేదు. పైగా ఒకరి మాడ్ మరొకరి ఉచిత మాడ్ మీద ఆధారపడినప్పుడు ఎవరి హక్కు ఎంతవరకన్న తగువు మొదటిరోజుల్లోనే వచ్చింది. ఆటగాళ్లు పెద్దఎత్తున ఆక్షేపించడంతో వారం తిరగకముందే ఆ పద్ధతిని ఎత్తివేసి, కొన్నవారికి డబ్బు వాపసు చేశారు.

మాడ్ చేసేవారి శ్రమకు విలువ లేదని నా ఉద్దేశం కాదు. అద్దాలు, వైపర్లు, తలుపులతో సహా ఒక బస్సును త్రీడీలో మలచడం నెలల తరబడి సాగే పని. అయితే వెల తీసుకునేవారు పూచీ కూడా తీసుకోవాలి. వాల్వ్ వారి హాఫ్-లైఫ్ గేమ్‌కు ఉచిత మాడ్‌గా 1999లో మొదలైన కౌంటర్-స్ట్రైక్‌ను వాల్వ్ తన సొంతం చేసుకుని 2000లో అమ్మకానికి తెచ్చినప్పుడు, దాని బాగోగులూ ఆ కంపెనీవే అయ్యాయి. ఎస్‌సీఎస్ కూడా 2017లో తెచ్చిన ఇటాలియా మ్యాప్‌ను గేమ్‌తో పాటే సరిచేస్తూ వస్తోంది, అందుకే దానికి డబ్బు పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు.

ఈ పూచీ లేని అమ్మకం ఎలా ఉంటుందో మన ఊళ్లోనే చూశాను. మా తమ్ముడు ఒక దుకాణంలో బస్సు మాడ్‌లు నింపిన పెన్‌డ్రైవ్ ఐదు వందలు పెట్టి కొన్నాడు. అందులోని రీడ్‌మీ ఫైలు తెరిస్తే, ఇది ఉచితమని, ఎవరూ అమ్మరాదని తయారుచేసిన వ్యక్తి స్పష్టంగా రాసి ఉంది. అదీ పాత వెర్షన్‌కు చేసినది కావడంతో నడవలేదు. దుకాణదారును అడిగితే "గేమ్ అప్‌డేట్ అయితే మేమేం చేస్తాం సార్" అన్నాడు. చేసినవారికి రూపాయి దక్కలేదు, కొన్నవాడికి బస్సూ దక్కలేదు.

వర్క్‌షాప్‌కు నేను ఐదుకు నాలుగిస్తాను. నెక్సస్ మాడ్స్ అనే మాడ్‌ల వెబ్‌సైట్‌లో మాదిరి ఇష్టమున్నవారు విరాళమిచ్చే బటన్ ఇక్కడి మాడ్ పేజీల్లోనూ పెడితే ఆ మిగిలిన ఒక్కటీ ఇచ్చేవాడిని. కొత్తగా వాడేవారు పేజీ కింద ఉన్న వ్యాఖ్యలు చదివి, తమ గేమ్ వెర్షన్‌కు ఆ మాడ్ నడుస్తుందో లేదో చూసుకున్నాకే సబ్‌స్క్రైబ్ నొక్కండి.