సిగార్ బాక్స్ గిటార్: ఫ్రెట్లు వేయాలా, నున్నగా వదిలేయాలా?

ఖాళీ సిగార్ పెట్టెకి కర్ర, తీగలు తగిలించి మొదటి సిగార్ బాక్స్ గిటార్ చేసుకుందామని కూర్చున్న ప్రతివాళ్లకీ ముందు తగిలే ప్రశ్న ఇదే. నెక్ (తీగల కింద ఉండే పొడుగాటి కర్ర) మీద ఫ్రెట్లు, అంటే మన వీణ భాషలో మెట్లు, వేయాలా? లేక నున్నగా వదిలేసి స్లయిడ్, అంటే తీగల మీద జార్చే గొట్టం ముక్క, పట్టుకుని వాయించాలా? నా మాట ముందే చెప్పేస్తాను, మొదటిది ఫ్రెట్లు లేకుండానే చేయండి. ఫ్రెట్లున్నది చేయడం కష్టం, వాయించడం తేలిక. లేనిది చేయడం తేలిక, శ్రుతిలో వాయించడం కష్టం. ఎటు చూసినా కష్టం తప్పదు కాబట్టి, రంపంతో పడే కష్టం కన్నా చెవితో పడే కష్టమే మేలని నా నమ్మకం, ఎందుకంటే చెవి సాధన చేసినకొద్దీ బాగుపడుతుంది, తప్పుగా కోసిన గాడి మాత్రం అలాగే ఉండిపోతుంది.

అసలు ఇది పుట్టిందే లేమిలోంచి. 1860ల్లో అమెరికాలో పొగాకు పన్ను చట్టాలు వచ్చాక సిగార్లను పెట్టెల్లో పెట్టి అమ్మడం మామూలైపోయింది, ఖాళీ అయిన ఆ పలచటి చెక్క పెట్టెలు ఊరూరా మిగిలాయి, గిటార్ కొనలేని వాళ్లు వాటికి ఓ కర్ర, రెండు మూడు తీగలు తగిలించి వాయించుకున్నారు. టెక్సస్ బ్లూస్ గాయకుడు లైట్నిన్ హాప్కిన్స్ చిన్నప్పుడు తనే ఇలాంటిది చేసుకున్నాడు. రాక్ అండ్ రోల్ గాయకుడు కార్ల్ పెర్కిన్స్‌కి వాళ్ల నాన్న సిగార్ పెట్టె, చీపురు కర్రతో చేసిచ్చాడు.

ఏ రకమైనా ఒళ్లు ఒకటే. మూతా అడుగూ పలచటి చెక్కతో ఉన్న పెట్టె కావాలి, కాగితం అంటించిన అట్టపెట్టెలు మోగవు. ముప్పావు అంగుళం మందం, అంగుళంన్నర వెడల్పు ఉన్న గట్టి కర్ర ఒకటి, అది పెట్టెలోంచి ఈ చివర నుంచి ఆ చివరకి దూరిపోవాలి. మూత కింద కర్రను కాస్త చెక్కేయాలి, లేకపోతే మూత కర్రకి ఆనుకుని కదలదు, శబ్దం చచ్చిపోతుంది. ఈ ఒక్క పని వదిలేసి 'నా గిటార్ మోగట్లేదు' అనేవాళ్లే ఎక్కువ. నట్ (కర్ర పైచివర తీగలు ఆనే చోటు) దగ్గర ఒక బోల్టు, బ్రిడ్జ్ (పెట్టె మూత మీద తీగలు ఆనే చోటు) దగ్గర ఒక బోల్టు, వాటి మధ్య 25 అంగుళాలు. మామూలు అకూస్టిక్ గిటార్ తీగల సెట్‌లోంచి 5, 4, 3వ తీగలు తీసుకుని, ఐదోదాన్ని పాశ్చాత్య స్వరాల పేర్లలో ఎ నుంచి జి కి దించండి. జి-డి-జి అవుతుంది. మనకైతే ఇంకా సులువు, అది స-ప-స.

ఇక ఫ్రెట్లు లేని దాని గురించి. దీనికి గీయాల్సినవి మూడే మూడు గీతలు. మొత్తం పొడవులో నట్ నుంచి నాలుగో వంతు దగ్గర, అంటే 6.25 అంగుళాల దగ్గర శుద్ధ మధ్యమం. మూడో వంతు దగ్గర, సుమారు 8.33 దగ్గర పంచమం. సరిగ్గా సగంలో, 12.5 దగ్గర పై షడ్జం. పెన్సిల్‌తో గీసినా చాలు. వట్టి తీగలు మీటితే జి, మొదటి గీత మీద స్లయిడ్ అడ్డంగా పెడితే సి, రెండో గీత మీద డి. బ్లూస్ పాటలు బోలెడన్నిటికి ఆ మూడే కావాలి, కాబట్టి తీగలు బిగించిన సాయంత్రమే ఏదో ఒకటి పాడుకోవచ్చు.

స్లయిడ్‌గా సీసా మెడ ముక్క వాడొచ్చు, పొడుగాటి స్పానర్ సాకెట్ అయినా బాగానే పనిచేస్తుంది. దాన్ని నొక్కకూడదు, తీగ మీద తేలుతున్నట్టు ఆనించాలి, గీతకు వెనక కాదు, సరిగ్గా గీత పైనే. స్లయిడ్ వెనక మిగతా వేళ్లు తీగల మీద తేలిగ్గా వాలి ఉండాలి, అప్పుడే ఆ గరగర ఆగుతుంది. మొదట్లో స్వరం అటో ఇటో జారుతుంది, అది మామూలే. గమకాలు వినీ వినీ పెరిగిన చెవికి ఈ జారుడు ఎక్కడ ఆగాలో తెలుస్తుంది, మన గోటువాద్యం కూడా మెట్లు లేకుండా ఇలా జార్చి వాయించేదేగా!

ఫ్రెట్లున్న దాంట్లో అసలు పని కొలతది. మిగిలిన పొడవును ప్రతిసారీ 17.817తో భాగించి, వచ్చినంత దూరంలో తర్వాతి ఫ్రెట్ పెట్టుకుంటూ పోవాలి, 25 అంగుళాల నెక్‌కి మొదటి ఫ్రెట్ 1.403 దగ్గర పడుతుంది. ప్రింట్ తీసుకునే టెంప్లేట్లు దొరుకుతాయి కానీ ప్రింటర్ దాన్ని పేజీకి సరిపడా కుదిస్తే మొత్తం పాడైపోతుంది, స్కేలు పెట్టి సరిచూసుకోకుండా కోయకండి. మిల్లీమీటరు తేడా మొదటి ఫ్రెట్ దగ్గర పెద్దగా తెలియదు, పన్నెండో దాని దగ్గర దాదాపు రెట్టింపు తేడా చూపిస్తుంది. పైగా మామూలు హాక్సా గాడి ఫ్రెట్ వైరుకి వెడల్పైపోతుంది, సన్నటి ఫ్రెట్ రంపం వేరే కొనాలి. అన్నీ కుదిరాక ఏ ఒక్క ఫ్రెట్ ఎత్తుగా ఉన్నా తీగ జర్రుమంటుంది. టెన్షన్ అంతా ఇక్కడే.

మధ్యేమార్గం ఒకటి ఉంది, నాకు చాలా ఇష్టమైనది. అమెరికాలోని అపలాచియన్ కొండల్లో వాయించే డల్సిమర్ అనే తీగల వాద్యానికి పన్నెండు స్వరాలకీ ఫ్రెట్లుండవు, స్థాయికి ఏడే. మీ నెక్ మీద కూడా పన్నెండు ఫ్రెట్ స్థానాల్లో 2, 4, 5, 7, 9, 10, 12 స్థానాల్లో మాత్రమే ఫ్రెట్లు వేస్తే వట్టి తీగ నుంచి వచ్చే వరుస అచ్చంగా హరికాంభోజి రాగం. మోహనం అందులోనే దొరుకుతుంది. డల్సిమర్ వాళ్లు ఆరున్నరో ఫ్రెట్ అని అదనంగా వేసుకుంటారు, మీరు 11వ స్థానంలో ఆ ఒక్కటీ వేసుకుంటే శంకరాభరణం కూడా వచ్చేస్తుంది. పని తక్కువ, అపస్వరం పడే చోట్లూ తక్కువ. పిల్లలకి చేసిచ్చేట్టయితే నేను దీనికే ఓటేస్తాను.

ఒంటి తీగ డిడ్లీ బౌ సంగతి కూడా అడుగుతారు. మిసిసిపీలో చీపురు కట్టిన తీగ ఊడదీసి ఇంటి గోడకి మేకులతో బిగించి, సీసాతో వాయించేవారు. గంటలో తయారవుతుంది, స్లయిడ్ చేతికి అలవాటవడానికి మంచిదే, కానీ పాటకి తోడుగా వాయించాలంటే మూడు తీగలుండాలి.

మామూలు గిటార్ ఇప్పటికే వచ్చినవాళ్లు, వేళ్లతో కార్డ్స్ (కలిపి మోగించే స్వరాలు) పట్టి నలుగురితో కలిసి వాయించాలనుకునేవాళ్లు మాత్రం నా మాట పక్కన పెట్టి నేరుగా పన్నెండు ఫ్రెట్లూ వేసేయండి, స్లయిడ్ వాళ్లకి రుచించకపోవచ్చు. మిగతావాళ్లు నున్నగా మొదలుపెట్టినా నష్టం లేదు. స్లయిడ్ కోసం తీగలు ఎత్తుగా ఉంటాయి కాబట్టి, తర్వాత ఫ్రెట్లు వేయాలనిపించిన రోజున తీగలు విప్పి, గాడులు కోసి ఫ్రెట్లు దిగ్గొట్టి, నట్ దగ్గరున్న బోల్టు తీసి ఓ సైజు సన్నది పెట్టండి. అప్పటికీ నొక్కడం కష్టంగా ఉంటే బ్రిడ్జ్ బోల్టు కూడా మార్చండి.