తిరుపతి సందుల్లో సెల్ఫ్ పార్కింగ్: డబ్బు పెట్టాల్సింది కెమెరాలకే

లగ్జరీ కార్ల షోరూంలో సేల్స్ వాళ్లు అందరికంటే హుషారుగా చూపించేది ఈ ఫీచరే. గీతలు గీసిన ఖాళీ స్థలంలో కారు దానంతటదే ఒదిగిపోతుంది, ఇంట్లోవాళ్లు చప్పట్లు కొడతారు. గాంధీ రోడ్డులో సాయంత్రం ఆరు గంటలకు ఏం చేస్తుందన్నది అక్కడ తేలదు.

బెంజ్ అయినా బీఎండబ్ల్యూ అయినా పద్ధతి దాదాపు ఒకటే. నెమ్మదిగా, 35 కిలోమీటర్ల లోపు వేగంతో వెళ్తుంటే బంపర్లలోని అల్ట్రాసోనిక్ సెన్సార్లు (చెవికి వినపడని శబ్ద తరంగాలతో దూరం కొలిచేవి) పక్కనున్న ఖాళీని కొలుస్తాయి. రోడ్డు పక్క వరసలో అయితే కారు పొడవు కంటే సుమారు 1 మీటరు ఎక్కువ చోటు కావాలి. దొరికితే స్క్రీన్ మీద గుర్తు వస్తుంది. ఆగి, దాన్ని ఎంచుకుని, చేతులు తీసేయాలి. పాత మోడళ్లలో స్టీరింగ్ మాత్రమే దాని పని, బ్రేకు, గేరు మనవే. కొత్తవాటిలో అన్నీ అదే చూసుకుంటుంది. మధ్యలో స్టీరింగ్ పట్టుకుంటే వదిలేస్తుంది.

ఇప్పటి బీఎండబ్ల్యూ 7 సిరీస్ పొడవు 5,391 మిల్లీమీటర్లు. అంటే ఆరు మీటర్లు దాటిన ఖాళీ వెతకాలి. భవానీ నగర్‌లో అంత చోటు కనిపిస్తే మీకంటే ముందే నాలుగు బైకులు దూరతాయి.

అసలు చిక్కు సెన్సార్ల చూపులో ఉంది. అవి బంపర్ ఎత్తులో లేచి ఉన్నవాటినే పసిగడతాయి. మూత లేని కాలువ వాటి లెక్కలో ఖాళీ నేలే. ట్రాక్టర్ ట్రాలీ వెనక్కి పొడుచుకొచ్చిన భాగం వాటి చూపుకి పైన ఉంటుంది, సన్న గొలుసు, తాడు ఆనవు. పక్కన వంకరగా ఆగిన ఆటోనే కొలతగా తీసుకుని కారూ వంకరగానే నిలబడుతుంది. కాస్త ఎత్తున్న గట్టుకి చక్రం రాసుకుంటే 19 అంగుళాల అలాయ్ వీల్ మీద గీత పడుతుంది, ఆ ఖర్చు తెలిసినవాళ్లకే తెలుసు.

మన దగ్గర ఇంకొకటి ఉంది. కాణిపాకంలోనో కొండ మీదో వాహన పూజ చేయించాక బంపర్‌కి అడ్డంగా కట్టిన పూలదండ సెన్సార్లని మూసేస్తుంది, బీప్ ఆగదు. కెమెరా అద్దం మీద పసుపు, గంధం పడితే తడి మెత్తటి బట్టతో తుడవాలి, ఒట్టి చేత్తో రుద్దితే గీతలు పడతాయి. బంపర్‌కి మళ్లీ పెయింట్ వేయించేటప్పుడు సెన్సార్ల మీద మందంగా పడకుండా చెప్పండి. టైరు సైజు మారిస్తే కూడా లెక్క తప్పుతుంది, ఎందుకంటే కారు ఎంత జరిగిందన్నది చక్రాల తిరుగుడుతో కొలుచుకుంటుంది.

ఇన్ని చెప్పాక కూడా రెండు మాత్రం పనికొస్తాయి. ఒకటి, కారు చుట్టూ ఏముందో స్క్రీన్ మీద చూపించే 360 డిగ్రీల కెమెరా. అపార్ట్‌మెంట్ సెల్లార్లో పిల్లర్ పక్కన, హోటల్ ర్యాంపు మలుపులో ఇది లేకపోతే పెద్ద కారు తిప్పడం నరకం. పక్క అద్దాలు మడిస్తే వాటి కిందుండే కెమెరాల చూపు పోతుందని గుర్తుంచుకోండి. రెండోది బీఎండబ్ల్యూలో ఉన్న రివర్సింగ్ అసిస్టెంట్: నెమ్మదిగా వచ్చిన చివరి 50 మీటర్ల దారి గుర్తుపెట్టుకుని అదే దారిలో స్టీరింగ్ తిప్పుతూ వెనక్కి తీసుకెళ్తుంది. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల సందులో ఎదురుగా బండి వచ్చినప్పుడు దీని విలువ తెలుస్తుంది. బ్రేకు మీద కాలు మాత్రం మీదే, వెనక నడిచేవాళ్లని మీరే చూసుకోవాలి.

స్టీరింగ్ తిప్పే ఫీచర్ కోసమే పై వేరియంట్‌కి ఎగబాకడం దండగ. డ్రైవరున్న ఇంట్లో అయితే ఆ బటన్ ఎక్కడుందో కూడా ఎవరికీ గుర్తుండదు. ఫోన్‌తో బయట నుంచి పార్క్ చేసే వీడియోలు చూసి మురిసిపోయే ముందు, అది ఇక్కడ అమ్మే వేరియంట్‌లో ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి. టెస్ట్ డ్రైవ్ మీ ఇంటి సెల్లార్లోనే ఇమ్మనండి.