కిన్జువా స్కైవాక్ రివ్యూ: మేం ఆకులు చూశాం, నాన్న కలప చూశారు

అమెరికాలో పిట్స్‌బర్గ్ వెంకన్న గుడికొచ్చే మనవాళ్ళు చాలామంది దర్శనం అయ్యాక క్యాంటీన్లో పులిహోర తినేసి అట్నుంచటే ఇంటికెళ్ళిపోతారు, అక్టోబర్లో అయితే అలా చేయకండి బాబూ, ఇంకో మూడు గంటలు ఉత్తరానికి పోతే మౌంట్ జ్యూయెట్ అనే చిన్న ఊరి పక్కన కిన్జువా బ్రిడ్జి స్టేట్ పార్క్ ఉంది. మేం 2023 అక్టోబర్ రెండో వారంలో వెళ్ళాం. పెన్సిల్వేనియా స్టేట్ పార్కులు కదా, ఎంట్రీకి పైసా లేదు.

ఇది ఒకప్పటి రైలు వంతెన. 1882లో ఇనుముతో కట్టారు, ఎత్తు 301 అడుగులు, 1900లో స్టీలుతో మళ్ళీ కట్టారు. 2003 జులైలో టోర్నడో వచ్చి 20 టవర్లలో 11 పడగొట్టేసింది. పడ్డవాటిని ఎత్తకుండా లోయలో అలాగే వదిలేసి, నిలబడ్డవాటిలో ఆరు టవర్ల మీద 2011లో స్కైవాక్ అనే ఈ నడకదారి తెరిచారు. పాత పట్టాల పక్కనే నడుచుకుంటూ పోతే చివర్లో అద్దాల నేల వస్తుంది. అమ్మ అద్దం అంచుదాకా వచ్చి చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడిపోయింది, ఎందుకమ్మా చెప్పులు తీశావంటే ఏమో తీయాలనిపించింది అంది.

రంగుల సంగతి ఎంత చెప్పినా ఫొటోల్లో చూసిందే కదా అనుకుంటారు. రెడ్ మేపుల్ కుంకుమలాగా, షుగర్ మేపుల్ కాషాయం, బీచ్, బర్చ్ చెట్లు పసుపు, మధ్యలో హెమ్లాక్ మాత్రం పచ్చగా. పగలు ఎండ, రాత్రి చలి రెండూ సరిగ్గా పడితేనే ఆ ఎరుపొస్తుంది, మబ్బు వారమైతే కొంచెం డల్లే. స్టేట్ ఫారెస్ట్రీ వాళ్ళు ఈ సీజన్లో వారం వారం ఏ కౌంటీలో రంగులు ఎంతవరకొచ్చాయో రిపోర్ట్ ఇస్తారు, అది చూసి బయల్దేరండి.

కానీ నాకు నచ్చింది వేరే. మా నాన్న రాజమండ్రిలో ముప్ఫై ఏళ్ళు కలప అడితి నడిపారు. దారిలో రూట్ 6 మీద దుంగల లారీ ఎదురైనప్పుడల్లా ఆకులొదిలేసి దుంగలు లెక్కపెడుతూ కూచున్నారు. ఇదంతా గట్టి కర్ర అడవి, బ్లాక్ చెర్రీ అనే కలప చెట్టుకి పేరున్న చోటు, పక్కనున్న కేన్ ఊరైతే ప్రపంచానికే బ్లాక్ చెర్రీ రాజధాని అని చెప్పుకుంటుంది. అసలు విషయం ఏంటంటే 1890ల నుంచి 1920ల దాకా ఇక్కడ అడవిని దాదాపు మొత్తం నరికేశారు, హెమ్లాక్ బెరడు తోళ్ళు పదును చేయడానికి పోయింది. నీడ పోయి ఎండ తగిలేసరికి నీడంటే పడని చెర్రీ ఎగబడి లేచింది. 1923లో ఇక్కడ అలెగెనీ నేషనల్ ఫారెస్ట్ అని సర్కారు అడవి పెట్టినప్పుడు పొదలతో నిండిన ఆ నేలని వెటకారం చేశారట. ఇప్పుడు మనం కార్లేసుకుని వెళ్ళి చూసే రంగులు చాలావరకు ఆ నరుకుడు తర్వాత మొలిచినవే. ఇది విన్నాక నాన్న, "మన దగ్గర నరికితే నరికినట్టే ఉంటుంది కదరా" అని ఊరుకున్నారు.

ఒక చెక్కసామాన్ల కొట్లో చెర్రీ పలక పట్టుకుని వాసన చూసి గోటితో గీకి, చేవ బాగుంది, టేకంత బరువు లేదు, పాలిష్ బాగా ఎక్కుతుంది అని సర్టిఫికెట్ ఇచ్చేశారు. కొట్టువాడు ఈ కర్ర వెలుతురు తగిలేకొద్దీ ఎర్రబడుతుందని చెప్పాడు.

ఇక తిట్లు. మేం దిగిన మోటెల్ (పేరెందుకులెండి) ఆకుల సీజన్ కదా అని మామూలు రేటుకి రెండింతలు గుంజి, హీటర్ పనిచేయని గదిచ్చింది, రాత్రంతా స్వెటర్లలోనే. వెజ్ తిండి మీద ఆశలు పెట్టుకోకండి, మమ్మల్ని కాపాడింది గుడి పులిహోరే. ఫోన్ సిగ్నల్ కూడా వస్తూ పోతూ ఉంది, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. వంతెనకి రిపేర్లుంటే మూసేస్తారు కాబట్టి బయల్దేరేముందు పార్క్ సైట్ చూసుకోండి. అయిదుకి నాలుగున్నర, ఆ అర మోటెల్ ఖాతాలో.

అమ్మ ఆ కొట్లో చెర్రీ గరిటె ఒకటి కొంది. నాన్న దాన్ని ఎండలో పెట్టి రంగు చూద్దామని కిటికీలో పెడతారు, అమ్మ తీసుకెళ్ళి ఉప్మా కలిపేస్తుంది, రాజమండ్రిలో రోజూ ఇదే గొడవ.