ముడి డెనిమ్ జీన్స్: రెండేళ్లు వేసుకున్నాక

రెండేళ్ల క్రితం నేను కొన్న ఒక జీన్స్ ప్యాంటు గురించి ఈ సమీక్ష. నూటికి నూరుపాళ్లు నూలు, సాగే దారం ఒక్క పోగు కూడా లేదు. కాళ్లు పైనుంచి కిందిదాకా తిన్నగా ఉంటాయి, ముందు జిప్పుకు బదులు గుండీలున్నాయి. గుడ్డ బరువు చదరపు గజానికి 14 ఔన్సులు, అంటే చదరపు మీటరుకు దాదాపు 475 గ్రాములు. అన్నిటికన్నా ముఖ్యంగా, మగ్గం మీదినుంచి దిగాక దాన్ని ఎవరూ ఉతకలేదు, అరగదీయలేదు, తెల్లబరచలేదు. ఈ రకాన్నే ముడి డెనిమ్ అంటారు. తయారుచేసిన సంస్థ పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే మంచిచెడ్డలు చాలావరకు ఈ రకం జీన్స్ అన్నింటికీ వర్తిస్తాయి.

దీన్ని ఎందుకు కొన్నానో ముందు చెప్పాలి. అప్పటికి నా అలమరలో నాలుగు జీన్స్ ఉండేవి. ఒకరోజు బట్టలు మడతపెడుతూ నాలుగింటినీ పక్కపక్కన పరిచినప్పుడు, నాలుగింటికీ తొడల మీద, మోకాళ్ల దగ్గర ఒకేచోట ఒకే తీరులో రంగు వెలిసి ఉండటం గమనించాను. వాటిలో ఏ ఒక్కటీ నేను వేసుకుని అరగదీసింది కాదు, అన్నీ కొన్ననాడే అలా ఉన్నాయి. మోకాళ్ల మీద కూర్చుని చేసే పని నేను ఏనాడూ చేయలేదు. మరి ఎవరి మోకాళ్ల గుర్తులను నేను ఇన్నేళ్లుగా డబ్బిచ్చి కొని వేసుకుంటున్నాను? మనిషి తాను వేసుకునేదాన్ని ఎందుకు వేసుకుంటాడన్న ప్రశ్న నాకు నిజంగా ఎదురైంది ఆ పూటే.

కొత్తలో ఈ ప్యాంటు వేసుకోవడం కష్టం, ఆ మాట దాచను. నేతకు ముందు పడుగు (నిలువు) దారానికి పెట్టిన గంజి ఇంకా అందులోనే ఉంటుంది కాబట్టి గుడ్డ అట్టలా బిరుసుగా ఉంటుంది. మొదటి వారం మెట్లెక్కుతుంటే మోకాళ్ల వెనక గుడ్డ ఒరుసుకుంది, కాజాలు బిగువుగా ఉండి గుండీలు పెట్టుకోవడానికి రెండు చేతులూ కావలసివచ్చాయి. మూడో వారానికి నడుము పట్టీ వదులై ఒంటికి కుదురుకుంది. రెండో నెల నుంచి ఇది నా శరీరం ఎక్కడ వంగుతుందో తెలిసిన గుడ్డలా ఉంది. సాగే దారం కలిసిన జీన్స్ మొదటి రోజే సుఖంగా ఉంటాయి గాని, నా అనుభవంలో ఏడాది తిరిగేసరికి మోకాళ్ల దగ్గర సంచుల్లా జారిపోతాయి. ఇది అలా కాలేదు.

దీని రంగు గురించి కొంచెం వివరంగా రాయాలి, ఈ గుడ్డ విశేషమంతా అక్కడే ఉంది. నీలిమందు నీళ్లలో కరగదు. దాన్ని రసాయనంతో కరిగే రూపానికి మార్చి, పసుపు కలిసిన ఆకుపచ్చగా కనిపించే ఆ ద్రావణంలో దారాన్ని ముంచి పైకి తీస్తే, గాలి తగిలి కళ్లముందే నీలంగా మారుతుంది. ఇలా పలుమార్లు ముంచి ఆరబెట్టినా రంగు దారం పైపొరల్లోనే నిలుస్తుంది, లోపలి పోగులు తెల్లగానే ఉంటాయి. పైగా డెనిమ్‌లో నీలం రంగు వేసేది పడుగుకే, అడ్డంగా నేసే పేక తెల్లదారం. ఏటవాలు నేత కాబట్టి గుడ్డ ముఖం మీద పడుగు ఎక్కువగా తేలి నీలంగా, వెనక వైపు తెల్లగా కనిపిస్తుంది. అందువల్ల ఎక్కడ రాపిడి తగిలితే అక్కడ నీలం ఊడి లోపలి తెలుపు బయటపడుతుంది. నూలుకు వేసే చాలా రంగులు పాతబడితే బట్ట అంతటా ఒకేలా పాలిపోతాయి. నీలిమందు అలా కాకుండా, వేసుకున్న మనిషి ఎక్కడెక్కడ వంగాడో, దేనికి ఆనుకున్నాడో, జేబులో ఏం పెట్టుకున్నాడో రాసిపెడుతుంది. 1897లో జర్మనీకి చెందిన బీఏఎస్ఎఫ్ సంస్థ కృత్రిమ నీలిమందును మార్కెట్లోకి తెచ్చాక మొక్కల నుంచి తీసే నీలి వెనకబడిపోయింది గాని, రంగు స్వభావం మాత్రం మారలేదు. నా ప్యాంటుకు వేసిందీ కృత్రిమ నీలే.

ఇక కుట్టు. జేబుల మూలల్లో రాగి రివెట్లు, అంటే గుడ్డను బిగించే లోహపు మేకులు, గట్టిగా ఉన్నాయి, ఒక్కటీ కదలలేదు. ఈ రివెట్ల వెనక ఒక అవసరం ఉంది. అమెరికాలోని నెవాడా రాష్ట్రం రీనో పట్టణంలో జేకబ్ డేవిస్ అనే దర్జీ ఉండేవాడు. కట్టెలు కొట్టే తన భర్తకు త్వరగా చిరగని ప్యాంటు కుట్టిపెట్టమని ఒకావిడ అడిగితే, ఎక్కువ బరువు పడే జేబు మూలల్లో అతను రివెట్లు బిగించాడు. వాటికి గిరాకీ పెరగడంతో, తనకు గుడ్డ సరఫరా చేసే శాన్‌ఫ్రాన్సిస్కో వ్యాపారి లీవై స్ట్రాస్‌తో చేతులు కలిపాడు. 1873 మే 20న వారికి పేటెంటు వచ్చింది. గనుల్లో, అడవుల్లో, పశువుల మందల వెంట తిరిగి పనిచేసేవారి ప్యాంటు అది. నేను జేబులో పెట్టేది ఫోను, తాళంచెవులు మాత్రమే. వాటికి ఆ రివెట్లు అక్కర్లేదు, దారపు కుట్టు చాలు. అయినా రివెట్లు లేని జీన్స్ నా చేతికిస్తే అది జీన్స్ కాదనే అంటాను.

ఈ సంగతి గ్రహించాక ప్యాంటులోని ప్రతి భాగాన్నీ వేరే కంటితో చూడటం మొదలుపెట్టాను. కుడి జేబులోపల ఉన్న బుల్లి జేబు గొలుసు గడియారం కోసం పెట్టింది. గడియారం మణికట్టు మీదికి చేరి వందేళ్లవుతున్నా ఆ జేబు చోటు మారలేదు. నడుము చుట్టూ ఉన్న బెల్టు లూపులు మొదటి జీన్స్‌కు లేవు. అప్పట్లో భుజాల మీదుగా పట్టీలు వేసి, నడుము దగ్గరి గుండీలకు తగిలించేవారు. మగవాళ్లు బెల్టులకు అలవాటుపడ్డాక స్ట్రాస్ స్థాపించిన లీవైస్ సంస్థ 1922లో లూపులు చేర్చింది, 1937లో ఆ పాత గుండీలను తీసేసింది. వెనక జేబుల రివెట్లు కుర్చీలను, గుర్రపు జీనులను గీరుతున్నాయని ఫిర్యాదులు రావడంతో అదే ఏడాది వాటిని గుడ్డ కింద దాచేసింది.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది రెండో ప్రపంచ యుద్ధకాలపు సంగతి. లోహాన్నీ దారాన్నీ పొదుపు చేయాలన్న ప్రభుత్వ నిబంధనల కింద ఆ సంస్థ కొన్ని రివెట్లను తీసేసింది. వెనక జేబు మీది వంపు కుట్టు వంతు వచ్చేసరికి మాత్రం, దారం వాడటానికి వీల్లేదు కాబట్టి ఆ గీతను రంగుతో గీయించింది. రివెట్లు పని చేసేవి, ఆ కుట్టు కేవలం అలంకారం. పని చేసేదాన్ని వదులుకోగలిగినవారు గుర్తుగా నిలిచినదాన్ని వదులుకోలేకపోయారు. ఎండకూ చలికీ కావలసిన గుడ్డ కొంచెమే. మిగిలినదంతా మనం ఎవరమో ఎదుటివారికి చెప్పుకోవడానికి వేసుకుంటామని ఆ రంగు గీత నాకు నచ్చజెప్పింది.

ఫ్యాషన్ పైనుంచి కిందికి దిగుతుందని జర్మన్ సామాజికవేత్త గియోర్గ్ సిమ్మెల్ 1904లో రాశాడు. పైవర్గం కొత్తది తొడుగుతుంది, కిందివర్గం అనుకరిస్తుంది, తేడా చెరిగిపోగానే పైవర్గం మరొకదానికి మారుతుంది. సూటుకూ టోపీకీ సరిపోయే ఈ సూత్రం జీన్స్ దగ్గర తలకిందులైంది. ఇది పనివాళ్ల దగ్గర పుట్టి పైకి ఎక్కింది. 1930లలో అమెరికా తూర్పు ప్రాంతపు సంపన్నులు సెలవులు గడపడానికి పడమటి పశుక్షేత్రాలకు వెళ్లి అక్కడివారి ప్యాంట్లు వేసుకున్నారు, 1934లో ఆడవాళ్ల జీన్స్ వచ్చాయి. 1950లలో యువత దాన్ని తిరుగుబాటు గుర్తుగా మలచుకుంటే అక్కడి కొన్ని పాఠశాలలు నిషేధించాయి, ఆ నిషేధం వల్ల దాని ఆకర్షణ పెరిగింది. 1970ల చివరికి పేరున్న డిజైనర్ల సంతకాలు వెనక జేబు మీదికి చేరాయి. అయితే సిమ్మెల్ మాటలో ఒక భాగం ఇక్కడా నిలుస్తుందని నా అభిప్రాయం. అందరూ ఒకే ప్యాంటు వేసుకున్నాక మనుషులు ఊరుకోలేదు, అదే ప్యాంటులో తేడాలు వెతకసాగారు. కాలు వెడల్పు, నడుము ఎత్తు, నీలం చిక్కదనం, చివరికి ఎంత పాతగా కనిపించాలన్నదీ ఒక తేడాయే అయింది.

నా పాత నాలుగు జీన్స్ సంగతి ఇక్కడ మళ్లీ చెప్పాలి. పనివాడి ఒంటి మీద ఏళ్ల తరబడి ఏర్పడే వెలిసిన గుర్తులను కర్మాగారంలో గంటల్లో తెప్పించడానికి ప్యూమిస్ అనే తేలికపాటి గరుకు రాళ్లతో ఉతుకుతారు, గరుకు కాగితంతో రుద్దుతారు, రంగును వెలిసేలా చేసే పర్మాంగనేటు రసాయనం చల్లుతారు, ఇప్పుడు లేజరుతో కాలుస్తున్నారు. కొంతకాలం ఇసుకను గాలి ఒత్తిడితో గుడ్డ మీదికి చిమ్మేవారు. ఆ ఇసుక ధూళి పీల్చిన యువ కార్మికులకు తుర్కియే (టర్కీ)లో సిలికోసిస్ వచ్చింది. ఊపిరితిత్తులను గట్టిపరిచే ఆ జబ్బు నయం కాదు. 2009లో ఆ దేశం జీన్స్‌కు ఈ పద్ధతిని నిషేధించింది. ఒకరు పనిచేసినట్లు కనిపించడానికి మరొకరు ఊపిరి పోగొట్టుకున్నారని చదివిన రోజున నాకు చాలా బాధ కలిగింది. కొన్ననాడే వెలిసి ఉన్న జీన్స్‌ను ఆ తర్వాత నేను కొనలేదు.

రెండేళ్ల తర్వాత నా ప్యాంటు ఎలా ఉందో చెబుతాను. తొడల పైభాగంలో, తుంటి దగ్గర నుంచి విసనకర్రలా విచ్చుకున్న తెల్లటి గీతలు వచ్చాయి. అవి కూర్చున్నప్పుడు పడే ముడతలు. కుడి జేబు మీద ఫోను అంచులు దీర్ఘచతురస్రంగా తేలాయి. వెనక భాగం కుర్చీకి అరిగి లేత నీలమైంది. మోకాళ్ల ముందు వైపు మాత్రం రంగు ఇంకా చిక్కగానే ఉంది. అంటే ఇది రోజుకు ఎనిమిది గంటలు కూర్చుని పనిచేసే మనిషి ప్యాంటు. మా చెల్లెలు ఇదే గుడ్డతో కుట్టిన జీన్స్‌ను నాతోపాటే కొంది. తను రోజంతా నిలబడి, కింద అరల్లోని పెట్టెల కోసం పదేపదే మోకాలి మీద వంగి పనిచేస్తుంది. తన ప్యాంటుకు తొడల మీద గీతలు తక్కువ, కుడి మోకాలు బాగా తెల్లబడింది. రెండింటినీ పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో మా ఇంట్లో ఎవరైనా చెప్పగలరు. కర్మాగారం ఇచ్చే గుర్తుల్లో కూర్చునే మనిషి బొమ్మ ఉండదు, బహుశా అది ఎవరికీ అందంగా తోచదు కాబట్టి. నాకు మాత్రం అది నాదైనందుకు నచ్చింది.

లోపాలు లేకపోలేదు. మొదటి మూడు నెలలు రంగు అంటుకుంటుంది. నా లేతరంగు సంచి పట్టీ మీద నీలి మరక పడి ఇప్పటికీ పోలేదు, కాబట్టి తెల్ల బూట్లకూ లేతరంగు కుర్చీలకూ దూరంగా ఉంచాలి. జేబుల లోపలి గుడ్డ మరీ పలచన. పధ్నాలుగో నెలలో కుడి జేబు అడుగు తాళంచెవులకు చిరిగింది, దర్జీ చేత కొత్త గుడ్డ వేయించాను. పై గుడ్డ మీద అంత శ్రద్ధ పెట్టినవారు లోపలిదాన్ని నిర్లక్ష్యం చేయడం నాకు నచ్చలేదు. ఒక బెల్టు లూపు కుట్టు ఊడింది. కాళ్ల మధ్య గుడ్డ పలచబడుతోంది, ఇంకో ఏడాదిలో అక్కడా అతుకు పడుతుంది. వేసవిలో ఈ బరువు భరించడం కష్టమని వేరే చెప్పనక్కర్లేదు.

కొలత విషయంలో ఒక సూచన. నేత తర్వాత కుంచించుకుపోకుండా సాన్ఫరైజ్ చేసిన గుడ్డే అయినా మొదటి ఉతుకులో పొడవు దాదాపు అంగుళం తగ్గింది, నడుము ఆ తర్వాత వాడకంలో తిరిగి వదులైంది. అందుకని నడుము సరిగ్గా, పొడవు కొంచెం ఎక్కువగా చూసి తీసుకోవడం మంచిది. తొడలు లావుగా ఉన్నవారికి సాగని గుడ్డ ఇబ్బంది పెడుతుంది, వారు ఇంకాస్త వెడల్పు కాలున్నది వెతుక్కోవాలి.

కాలు వెడల్పు గురించి అడిగే మిత్రులకు తిన్నని కాలే తీసుకోమంటాను. 1958లో డ్యూపాంట్ సంస్థలో జోసెఫ్ షివర్స్ రూపొందించిన సాగే పోగు డెనిమ్‌లో కలిశాకే, 2000ల తర్వాత ఒంటికి అంటుకునే జీన్స్ అంత విస్తరించగలిగాయి. ఆ బిగువు మీద మోజు తగ్గాక వెడల్పు కాళ్లు మళ్లీ వచ్చాయి. ఒకదాన్ని చూసి విసిగినవారు దాని వ్యతిరేకం వైపు మొగ్గుతుంటారు కాబట్టి ఈ ఊపు ఆగదు. తిన్నని కాలు రెండు చివరలకూ మధ్యలో ఉంటుంది, ఏ చివర గెలిచినా మరీ వింతగా కనిపించదు.

ఓపిక లేనివారికి, తెల్లవారేసరికి మెత్తగా ఉండాలనుకునేవారికి ఇది సరిపడదు. ఒక బట్టను అయిదారేళ్లు వాడే ఉద్దేశం, చిరిగితే కుట్టించుకునే అలవాటు ఉన్నవారికి గట్టిగా సిఫారసు చేస్తాను. ఉతికేటప్పుడు లోపలి వైపు బయటకు తిప్పి, చల్లటి నీళ్లలో విడిగా ఉతికి నీడలో ఆరేయాలి. నెలల తరబడి ఉతకకూడదనే సలహాను నేను పాటించలేదు, మురికిగా అనిపించినప్పుడల్లా ఉతికాను. గీతలు అంత పదునుగా రాకపోయినా గుడ్డ ఆరోగ్యంగా ఉంది. బుల్లి జేబులో ఇప్పుడు మా ఇంటి గేటు తాళంచెవి పెట్టుకుంటున్నాను. దాని ఆకారం కూడా గుడ్డ మీద సన్నగా తేలడం మొదలైంది.