హైదరాబాద్ నుంచి రైలు కంటైనర్ సర్వీసు: ఎవరికి గిట్టుబాటు?

హైదరాబాద్ చుట్టుపక్కల నుంచి ఢిల్లీ వైపు నెలనెలా బియ్యమో, టైల్సో పంపే వ్యాపారి ఒకసారైనా రైలు కంటైనర్ రేటు కనుక్కోవాలి. అయితే టెర్మినల్ నుంచి టెర్మినల్‌కి చెప్పే రేటు ఒక్కటే చూసి సరే అనేయకండి. లాభమో నష్టమో తేలేది రెండు చివర్లలో జరిగే ట్రైలర్ పనిలోనే.

రైల్వే శాఖ కింద ఉన్న కంటైనర్ కార్పొరేషన్ (కాంకర్)‌కు సనత్‌నగర్‌లో టెర్మినల్ ఉంది. 2006 విధానం తర్వాత ప్రైవేటు సంస్థలూ కంటైనర్ రైళ్లు నడుపుతున్నాయి కాబట్టి ఒకరిద్దరి దగ్గర రేటు అడగొచ్చు. ఎవరి దగ్గరైనా పని ఒకే తీరు. ఖాళీ కంటైనర్ ట్రైలర్ మీద మిల్లుకు వస్తుంది. నింపి సీల్ వేశాక టెర్మినల్‌కు పోయి రైలెక్కుతుంది. అవతల దిగాక మళ్లీ ట్రైలరే. దారిలో సరుకు మీద ఎవరి చెయ్యీ పడదు. బస్తాకు హుక్కు తగలదు, టార్పాలిన్ చిరిగి తడిసే భయం లేదు. ఈ సర్వీసు అసలు బలం ఇదే.

లెక్క ఇలా వేసుకోండి. అంకెలు నమూనాకే, మీ కొటేషన్లు పెట్టి చూసుకోవాలి. 25 టన్నులకు నేరు లారీ కిరాయి 1,12,500 రూపాయలు అనుకుందాం. రైలుకు 70,000, ఇక్కడి ట్రైలర్‌కు 14,000, అవతలి ట్రైలర్‌కు 12,000, టెర్మినళ్లలో ఎక్కించి దించడానికి 8,000. మొత్తం 1,04,000. మిగిలేది 8,500. ట్రైలర్ రోజుకు 3,000 చొప్పున రెండు రోజులు హాల్టింగ్ (బండి ఆగినందుకు కట్టే కిరాయి) పడిందంటే చేతిలో ఉండేది 2,500.

ఆ హాల్టింగ్ ఎక్కడ పడుతుందో చాలామంది ముందు ఊహించరు. లారీ బాడీకి మూడు వైపుల నుంచీ హమాలీలు లోడు చేయగలరు. కంటైనర్‌కు ఉన్నది వెనక తలుపు ఒక్కటే, అదీ ట్రైలర్ మీద ఛాతీ ఎత్తులో. 25 కిలోల బస్తాలు వెయ్యి, ఆ ఒక్క తలుపులోంచే లోపలికి పోవాలి. ట్రైలర్ ఎత్తుకు కట్టిన లోడింగ్ అరుగు గానీ, ర్యాంపు గానీ, కన్వేయర్ గానీ లేని మిల్లు ముందు అది కట్టించుకుని తర్వాత రేటు అడగడం మంచిది. టెర్మినల్‌కు చేరే దారిలో నగరంలో భారీ వాహనాలకు వేళల ఆంక్షలు కూడా ఉంటాయి. సాయంత్రానికి లోడు పూర్తయ్యేలా చూసుకుంటే రాత్రి దాటించేయొచ్చు.

ఇక రోజుల సంగతి. ఒక రేక్ అంటే, అంటే ఒక పూర్తి గూడ్సు రైలంటే, 45 వ్యాగన్లు. వాటి మీద ఇరవై అడుగుల పెట్టెలు (కంటైనర్లు) 90 పడతాయి. అటువైపు పోయే సరుకు చాలకపోతే మీ పెట్టె యార్డులోనే కూర్చుంటుంది. కాబట్టి “ఎన్ని రోజుల్లో చేరుతుంది?” అని కాదు, “పోయిన నెల ఏయే తేదీల్లో రేక్ బయల్దేరింది?” అని అడగండి. ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసుకునే పత్రం) అవసరమైన సరుకైతే ఇంకో చిక్కు ఉంది. 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున 1,700 కిలోమీటర్లకు 9 రోజుల గడువే. యార్డులో గడిచే రోజులూ అందులోంచే పోతాయి. గడువు ముగియడానికి 8 గంటల ముందు నుంచి, ముగిశాక 8 గంటల లోపు పొడిగించుకోవాలి. రోడ్డు నుంచి రైలుకు, మళ్లీ రోడ్డుకు మారినప్పుడల్లా ఆ బిల్లులో రవాణా వివరాలుండే పార్ట్-బి మార్చాలి.

పెట్టె రాగానే ఒక మనిషిని లోపలికి పంపి తలుపు రెండు రెక్కలూ మూసేయండి. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా నిమిషం ఆగితే, పైకప్పులో సూదిమొన వెలుగు కనిపించినా వాన నీరు దిగుతుందని అర్థం. ఆ పెట్టె వెనక్కి పంపండి. రసాయనాల వాసన వచ్చినా, తలుపు రబ్బరు చీలినా అంతే. బియ్యంలో తేమ 14 శాతం దాటకూడదు. దాటితే పగటి ఎండకు ఆవిరై, రాత్రి చలికి పైకప్పున చెమటలా పట్టి బస్తాల మీదే కారుతుంది. గోడలకు క్రాఫ్ట్ పేపర్ (మందపాటి గోధుమరంగు కాగితం) వేసి, తేమ పీల్చే సంచులు వేలాడదీయాలి. బస్తాలను ఇటుక గోడలా అడ్డం, నిలువు మార్చి పేర్చాలి. షంటింగ్‌లో, అంటే వ్యాగన్లను అటూ ఇటూ జరిపి కలిపేటప్పుడు, వచ్చే కుదుపులకు సరుకు తలుపు వైపు జరుగుతుంది కాబట్టి చివరి వరస ముందు ప్లైవుడ్ గానీ వల గానీ తప్పనిసరి. లేకుంటే అవతల తలుపు తీసినవాడి మీదే పడతాయి. సీల్ నంబరు, పెట్టె నంబరు ఫొటో తీసి ఇన్వాయిస్‌లోనూ రాయండి.

బియ్యం 25 టన్నులు ఇరవై అడుగుల పెట్టెలో పడతాయి. పెట్టె బరువుతో కలిపి 27 టన్నులు దాటుతుంది కాబట్టి ట్రైలర్ యాక్సిల్ పరిమితి చూసుకోవాలి. గుంటూరు మిర్చి తేలిక, దానికి నలభై అడుగుల పొడవుండి, ఎత్తు కూడా ఎక్కువున్న పెట్టె నయం. నూజివీడు మామిడికి మాత్రం ఇది వద్దు, రేక్ కోసం పండు ఆగదు. వారానికి ఎనిమిది టన్నులు పంపేవారికీ లారీయే మేలు, ఎందుకంటే సగం పెట్టెకైనా పూర్తి కిరాయి కట్టాలి.

ముంబై దగ్గరి నవా షేవా పోర్టు మీదుగా ఎగుమతి చేసేవారికి మాత్రం ఈ దారి గట్టిగా సిఫారసు చేయొచ్చు. కస్టమ్స్ పని ఇక్కడే పూర్తవుతుంది, కాగితంలో తప్పు దొర్లినా సరిదిద్దడానికి ముంబై పరుగెత్తక్కర్లేదు. ఓడ కటాఫ్‌కు (పోర్టులో పెట్టెలు తీసుకునే ఆఖరి గడువుకు) నాలుగైదు రోజుల ముందే పెట్టె పోర్టులో ఉండేలా బుక్ చేయండి. ఎల్‌సీలో (కొనుగోలుదారు బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ పత్రంలో) షిప్‌మెంట్ తేదీ దగ్గర పడి ఉంటే ఆ ఒక్క లోడు మటుకు రోడ్డు మీదే పంపండి.