చికాగో వైపు సెలవులకు వెళ్తున్నారా? డబ్బా అడుగున తేదీ చూడకుండా క్రాఫ్ట్ బీరు కొనొద్దు

డిసెంబరు మూడో వారం మొదలుకొని జనవరి మొదటి వారం దాకా చికాగో శివార్లలో నేపర్‌విల్, అరోరా, షాంబర్గ్ వైపు లిక్కర్ షాపుల్లో మనవాళ్ళు బాగా కనిపిస్తారు. డాలస్ నుంచి అన్నయ్య వాళ్ళింటికి వచ్చినవాళ్ళు, ఇండియా నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన నాన్నలు, యూనివర్సిటీకి సెలవులిస్తే పిన్ని వాళ్ళింట్లో దిగిన పిల్లలు. ఇక్కడి చిన్న బ్రూవరీలు (బీరు కాచే చోట్లు) చేసే క్రాఫ్ట్ బీరు ఒకసారి రుచి చూద్దామని నాలుగు డబ్బాల ప్యాక్‌కి 16 నుంచి 20 డాలర్లు పెడతారు. ఇంటికెళ్ళి పోసుకుంటే తడిసిన అట్టపెట్టె వాసన. క్రాఫ్ట్ బీరంటే ఇంతేనేమో అనుకుని కొందరు మింగేస్తారు, కొందరు సింకులో పారబోస్తారు. క్రాఫ్ట్ బీరంటే అది కాదండీ. మీకు అంటగట్టింది పాడైన సరుకు. తేదీ చూసి, నిలవ ఎలా ఉంచారో చూసి కొంటే ఆ ఇరవై డాలర్లు దండగ కావు.

ముందు ఐపీఏ (ఇండియా పేల్ ఏల్ అనే బీరు రకం) సంగతి, ఎందుకంటే ఎక్కువమంది దెబ్బతినేది అక్కడే. ఐపీఏకి ప్రాణం హాప్స్ వాసన, అంటే బీరుకి చేదూ వాసనా ఇచ్చే పువ్వులది. డబ్బాలోకి ఎక్కిన రోజు నుంచే ఆ మామిడి, నారింజ వాసనలు తగ్గడం మొదలవుతుంది. మూత వేసేటప్పుడు లోపల మిగిలిపోయిన కాస్త ఆక్సిజన్ చాలు, పైగా వేడి తగిలిన కొద్దీ ఆ పని త్వరత్వరగా జరిగిపోతుంది. ఫ్రిజ్‌లోనే ఉంచిన ఐపీఏ మూడు నెలలు పరవాలేదనిపిస్తుంది. షాపు మధ్యలో నేలమీద గుట్టగా పేర్చిన ప్యాకులు ఆరు వారాలకే నీరసపడిపోతాయి. మబ్బుగా ఉండే హేజీ ఐపీఏ ఇంకా సున్నితం. తాజాది గ్లాసులో పోస్తే అనాసరసంలా పసుపుగా మెరుస్తుంది. పాతబడేకొద్దీ ముందు తేనెరంగుకి, తర్వాత బూడిద కలిసినట్టుండే గోధుమరంగుకి దిగుతుంది, కోసిపెట్టిన ఆపిల్ ముక్క నల్లబడినట్టు. గాలి తగిలి పాలీఫినాల్స్ అనే పదార్థాల రంగు మారడమే రెండింట్లోనూ జరిగేది. ఆ రంగు కనిపించాక వాసన చూడక్కర్లేదు.

కాబట్టి డబ్బా తిప్పి అడుగు చూడండి. 'క్యాన్డ్ ఆన్' అనో 'పీకేజీ' (ప్యాకేజ్డ్) అనో రాసి తేదీ వేస్తే సులువు. కొన్నింటి మీద ఐదంకెలే ఉంటాయి. ఉదాహరణకు 29125 అని ఉంటే మొదటి మూడంకెలు ఏడాదిలో ఎన్నో రోజో చెబుతాయి, చివరి రెండు ఏడాదిని. 291వ రోజంటే 2025 అక్టోబరు 18. కొన్ని బ్రూవరీలు ఏడాదిని ముందు వేసి 25291 అంటాయి. 'బెస్ట్ బై' అని మాత్రమే ఉంటే దాన్ని గుడ్డిగా నమ్మొద్దు. ఒక బ్రూవరీ తయారైన మూడు నెలలకి ఆ తేదీ వేస్తే ఇంకోటి ఆరు నెలలకి వేస్తుంది. కాలిఫోర్నియాలో స్టోన్ బ్రూయింగ్ వాళ్ళు 'ఎంజాయ్ బై' అనే ఐపీఏని 37 రోజుల్లో తాగేయమని తేదీని పేరులోనే పెట్టి అమ్ముతారు. చేసేవాళ్ళే అంత తొందరపెడుతున్న సరుకుని ఐదు నెలల తర్వాత పూర్తి ధరకి కొనడం తప్పు. అసలు తేదీయే లేని ఐపీఏని అక్కడే పెట్టేయండి.

మిక్స్‌డ్ ప్యాక్ కొంటుంటే ఒక్క డబ్బా చూసి ఊరుకోవద్దు, ఒక్కోదానికి ఒక్కో తేదీ ఉంటుంది. డిసెంబరులో సగం ధరకి పెట్టే గుమ్మడికాయ బీర్లు చాలావరకు వేసవిలో కాచినవి. అక్టోబర్‌ఫెస్ట్ పేరుతో మిగిలినవీ అంతే. క్రిస్మస్ ఏల్ అని ఉన్నవి ఆ శీతాకాలానివే అయితే తీసుకోవచ్చు, కానీ కిందటేడాది సరుకు అదే బొమ్మతో పక్కనే ఉండొచ్చు. విడి సీసాలు అమ్మే అరల్లో ట్యూబులైట్ కింద నెలల తరబడి నిలబడ్డ ఆకుపచ్చ సీసా, తెల్ల సీసా అస్సలు వద్దు. వెలుతురు తగిలితే బీరులోని రైబోఫ్లేవిన్ (బీ2 విటమిన్) హాప్స్ చేదుని విరగ్గొడుతుంది. దాంతో గంధకం కలిసిన ఒక పదార్థం పుట్టి, ఇక్కడి పెరళ్ళలో తిరిగే స్కంక్ అనే జంతువు వదిలే కంపు వస్తుంది. గోధుమరంగు సీసా చాలావరకు ఆపుతుంది, డబ్బాకి ఆ బెడదే లేదు.

పాతబడితే బాగుపడే బీర్లూ ఉన్నాయి. పీపాల్లో మాగబెట్టిన స్టౌట్ (నల్లటి బీరు), బార్లీవైన్ (బాగా ఘాటైన బీరు) లాంటివి చల్లటి చీకట్లో ఏళ్ళు నిలుస్తాయి. ఇదే అదనుగా 'వింటేజ్' అంటూ ఆన్‌లైన్ గ్రూపుల్లో మూడింతల ధర చెబుతారు. చికాగోలోనే గూస్ ఐలాండ్ వాళ్ళు తమ 2015 నాటి బర్బన్ కౌంటీ బార్లీవైన్, కాఫీ స్టౌట్ సీసాల్లో లాక్టోబాసిలస్ అనే బ్యాక్టీరియా చేరి పులిసిపోయాయని ఒప్పుకుని డబ్బు వెనక్కిచ్చారు. ఆ ఏడాది మామూలు స్టౌట్ సీసాల్లోనూ అదే తేడా ఉందని తర్వాత బయటపడింది. ఆ ఏడాది సీసా ఎవరైనా 'అరుదైన సరుకు' అని చూపిస్తే దండం పెట్టి వచ్చేయండి. లైసెన్సు లేని మనిషి బీరు అమ్మడమే చట్టం ఒప్పని పని. ఇక పోస్టాఫీసు ద్వారా ఎవరికీ బీరు పంపకండి, యూఎస్‌పీఎస్ మద్యం పార్సిళ్ళని నిషేధించింది.

ఇంకో మాట. న్యూ గ్లారస్ బ్రూవరీ తన బీర్లను విస్కాన్సిన్ రాష్ట్రంలో తప్ప ఎక్కడా అమ్మదు. వాళ్ళ స్పాటెడ్ కౌ అనే బీరు కావాలంటే సరిహద్దు దాటి కెనోషా దాకా వెళ్ళి మామూలు ధరకే తెచ్చుకోవచ్చు. ఇల్లినాయిలో ఏ షాపులోనైనా అది ఎక్కువ ధరకి కనిపిస్తే ఆ సరుకు పక్కదారిన వచ్చిందని అర్థం. ఎన్నాళ్ళు ఏ వ్యాను వెనక పడి ఉందో చెప్పేవాడు ఉండడు.

ఇక గ్రౌలర్. బ్రూవరీ ట్యాప్ దగ్గర నింపి ఇచ్చే పెద్ద గాజు జాడీ, 64 ఔన్సులు, అంటే దాదాపు 1.9 లీటర్లు. నలుగురు చుట్టాలు కూర్చుని తాగడానికి బాగుంటుందని తీసుకుంటారు గానీ పాడవడం దీనికి చాలా తేలిక. నింపేవాళ్ళు ట్యాప్‌కి గొట్టం తగిలించి జాడీ అడుగు నుంచి నింపాలి, ముందు కార్బన్ డయాక్సైడ్‌తో లోపలి గాలిని వెళ్ళగొట్టాలి. గొట్టం లేకుండా పైనుంచి ధారగా పోస్తే గాలి కలిసి మర్నాటికే చప్పబడిపోతుంది. 'గొట్టంతో నింపండి, ముందు సీఓటూ కొట్టండి' అని అడగడానికి మొహమాటపడొద్దు. మూత తీయని గ్రౌలర్ ఫ్రిజ్‌లో మూడు రోజులు, మూత తీస్తే ఆ రాత్రికే. పదిహేనో తారీఖున నింపించి క్రిస్మస్‌కి దాచిపెట్టడం శుద్ధ దండగ. ఇద్దరే ఉంటే 32 ఔన్సుల క్రౌలర్ అడగండి, డబ్బాలో నింపి అక్కడే మూత బిగించి ఇస్తారు.

గ్రౌలర్ పేలుతుంది కూడా. ఇది అతిశయోక్తి కాదు. 38 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర నింపిన మామూలు బీరు లోపల సుమారు 11 పీఎస్‌ఐ ఒత్తిడి ఉంటుంది. అదే 75 డిగ్రీలకి వేడెక్కితే 30 పీఎస్‌ఐకి దగ్గరపడుతుంది. మామూలు గాజు జాడీని ఆ ఒత్తిడికి చేయరు. మెడదాకా నింపేస్తే ద్రవం వ్యాకోచించడానికి చోటే ఉండదు. కారులో హీటర్ గాలి తగిలే చోట, పిల్లల కాళ్ళ దగ్గర పెట్టి గంటసేపు డ్రైవ్ చేయడం ఎంత ప్రమాదమో చూడండి. పైన రెండంగుళాల ఖాళీ వదలమనండి, తువ్వాలు చుట్టి డిక్కీలో పెట్టండి. సీలు టేపు తెగితే దాన్ని తెరిచిన మద్యంగానే లెక్కేస్తారు, ఆ లెక్కనా అది డిక్కీలోనే ఉండాలి.

దీనికి సరిగ్గా ఎదురు, గరాజ్‌లో చలి. పండగ రోజుల్లో మనిళ్ళ ఫ్రిజ్‌లో చోటుండదు. ఇడ్లీపిండి గిన్నె, పులిహోర కలిపే చింతపండు గుజ్జు, అత్తయ్య తెచ్చిన పచ్చళ్ళు. బీరు గరాజ్‌కి పోతుంది, లేదా రాత్రంతా కారులోనే ఉండిపోతుంది. 5 శాతం ఆల్కహాల్ ఉన్న బీరు మైనస్ 2, మైనస్ 3 సెల్సియస్ దగ్గరే గడ్డకట్టడం మొదలుపెడుతుంది. చికాగో జనవరి రాత్రి మైనస్ 10 కిందికి పోవడం మామూలే. నీరు గడ్డకడితే తొమ్మిది శాతం ఉబ్బుతుంది. ముందు డబ్బా అడుగు, లోపలికి గిన్నెలా వంగి ఉండాల్సింది, బయటికి పొంగుతుంది. అప్పటికే అంచు దగ్గర కీలు వదులై ఉండొచ్చు. దాన్ని తెచ్చి వంటగట్టు మీద కరగనిస్తే అక్కడినుంచి కారుతుంది. కారకపోయినా గ్యాసు పోయి, ప్రోటీన్లు విడిపోయి పెరుగు విరిగినట్టు తునకలు తేలతాయి. తాగితే ప్రమాదం ఏమీ లేదు, రుచి మాత్రం పోయినట్టే. సీసా అయితే గాజుముక్కలు. షాపులోనూ అడుగు పొంగిన డబ్బా కనిపిస్తే తీసుకోకండి, లారీలోనే గడ్డకట్టి వచ్చి ఉంటుంది. ఇంట్లో బేస్‌మెంట్ మెట్ల కింద, కిటికీకి దూరంగా పెడితే సరిపోతుంది.

ట్యాప్‌రూమ్‌కి (బ్రూవరీలోనే కూర్చుని తాగే చోటు) వెళ్తే 'ఫ్లైట్' అడుగుతారు, నాలుగు చిన్న గ్లాసులు, ఒక్కోటి నాలుగు ఔన్సులు. చూడ్డానికి చిన్నపిల్లల మందు గిన్నెల్లా ఉంటాయి. మోసపోయేది ఇక్కడే. నాలుగూ 5 శాతం ఆల్కహాల్ ఉన్న తేలికపాటి లాగర్లయితే అమెరికన్ లెక్కలో ఒకటీ పావు డ్రింకు దాటి కొంచెం. శీతాకాలం కాబట్టి పీపా స్టౌట్లు ఎక్కువ పెడతారు. నాలుగూ 13 శాతంవి తీసుకుంటే మూడున్నర డ్రింకులు, మన లెక్కలో రెండు లార్జ్ పెగ్గుల పైమాట. తియ్యగా, చాక్లెట్‌లా ఉండి గొంతులో మంట కూడా తెలియదు. బోర్డు మీద ఏబీవీ (ఆల్కహాల్ శాతం) అంకె చూసి, 10 దాటినవి ఒకటికి మించి తీసుకోకండి. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళకి ఆర్డర్ చేసేవాళ్ళు ఇది తప్పకుండా గుర్తుంచుకోవాలి, బీరే కదా అని వాళ్ళు గ్లాసు ఎత్తి గటగటా తాగేస్తారు. వాళ్ళ దగ్గర పాస్‌పోర్టు ఉంచండి, ఇండియా డ్రైవింగ్ లైసెన్సు చూపిస్తే చాలాచోట్ల ఒప్పుకోరు.

హెచ్1బీ మీద, ఎఫ్1 మీద ఉన్నవాళ్ళు ఈ ఒక్క పేరా రెండుసార్లు చదవండి. ఇల్లినాయిలో బండి నడిపేవాళ్ళ రక్తంలో ఆల్కహాల్ పరిమితి 0.08 శాతం. పైన చెప్పిన ఒక్క స్టౌట్ ఫ్లైట్‌ని ఖాళీ కడుపుతో గంటలో తాగితే సన్నటి మనిషి ఆ గీత దగ్గరికి చేరడం తేలికే. 2015 నుంచి అమెరికా విదేశాంగ శాఖ మద్యం తాగి నడిపిన కేసుల్లో కోర్టు తీర్పుతో పనిలేకుండా, అరెస్టయితేనే వీసా రద్దు చేస్తోంది. అమెరికా లోపల ఉన్నవాళ్ళని వెంటనే పంపేయకపోయినా, మళ్ళీ ఇండియాకి వెళ్తే స్టాంపింగ్ కోసం మొదటినుంచీ తిరగాలి, వైద్య పరీక్షకి కూడా పంపుతారు. ఊబర్‌కి అయ్యే ముప్పై డాలర్లని లెక్కచూడకండి.

ట్యాప్‌రూమ్‌లో బీరు వెన్న కాచిన వాసనో, వెనిగర్ వాసనో వస్తే పైపులు కడగలేదని అనుమానించండి. రెండు వారాలకోసారి కడగాలన్నది అక్కడి బ్రూవర్ల సంఘమే పెట్టిన లెక్క. పుల్లటి బీరు కానిది పుల్లగా ఉంటే 'ఇది వెనిగర్ వాసన వస్తోంది' అని మర్యాదగా చెప్పండి, మంచి చోటైతే మారు మాట్లాడకుండా మారుస్తారు. గ్లాసు గోడకి బుడగలు అంటుకుని ఉంటే గ్లాసు సరిగ్గా కడగలేదని గుర్తు. గోడకి వరసగా ట్యాపులుండి బీరు మీరే పట్టుకునే చోటైతే గ్లాసు వంచి పట్టండి, మీటరు నురగని కూడా లెక్కేసి డబ్బు తీసుకుంటుంది. పాలు పడనివాళ్ళు మిల్క్ స్టౌట్, మిల్క్‌షేక్ ఐపీఏ ముట్టుకోవద్దు, వాటిలో లాక్టోజ్ (పాలలోని చక్కెర) కలుపుతారు. పీనట్ బటర్ అని పేరున్నదాంట్లో నిజంగానే వేరుశనగ ఉండొచ్చు. శాకాహారులు కాస్క్ ఏల్ (పీపాలోంచే నేరుగా పట్టి ఇచ్చే బీరు) అడిగేముందు ఐసింగ్లాస్ వాడారా అని కనుక్కోండి, అది చేప గాలితిత్తి నుంచి తీసేది.

షాపులో కొన్నది పాడైపోయి ఉంటే బిల్లు, డబ్బా, అడుగున ఉన్న కోడ్ ఫోటో ఉంచుకోండి. ముందు షాపుకి తీసుకెళ్ళండి. వాళ్ళు కాదంటే బ్రూవరీకి ఫోటోతో మెయిల్ పెట్టండి, చిన్న బ్రూవరీలు చాలావరకు జవాబిస్తాయి, ఏ షాపులో పాత సరుకు నిలిచిందో వాళ్ళకీ తెలియాలి.

హైదరాబాద్‌కి పట్టుకెళ్ళాలనుకుంటే అమెరికా విమానాల నిబంధన ఇబ్బంది పెట్టదు, 24 శాతం లోపు మద్యానికి చెక్-ఇన్ సామానులో పరిమాణం హద్దు లేదు. హద్దు మన కస్టమ్స్‌ది: మనిషికి రెండు లీటర్లు, విస్కీ, వైను, బీరు అన్నీ కలిపి. 16 ఔన్సుల నాలుగు డబ్బాలైతే 1.89 లీటర్లు, సరిపోతుంది. 12 ఔన్సుల సిక్స్‌ప్యాక్ 2.13 లీటర్లు, దాటిపోతుంది, సుంకం కట్టాలి. డ్యూటీ ఫ్రీలో విస్కీ సీసా తీసుకుంటే అదీ ఈ రెండు లీటర్లలోకే వస్తుంది. తీసుకెళ్ళేది ఐపీఏ కాకుండా స్టౌట్ అయితే మేలు, ఒకటిన్నర రోజు ప్రయాణం తట్టుకుంటుంది. ఒక్కో డబ్బాని జిప్‌లాక్ సంచిలో వేసి, చీరల మధ్య కాకుండా జీన్స్ మధ్య, పెట్టె నడిమధ్యలో పెట్టండి.