బరంపురం నుంచి ఓడ ప్రయాణం: ఏడుగురం, మూడు రకాల గదులు

మా ఇంట్లో ఓడెక్కిన చివరి మనిషి మా తాతగారు. గోపాలపూర్ ఒడ్డు నుంచి చిన్న పడవలో కెరటాలు దాటి, దూరంగా లంగరేసి ఉన్న స్టీమరెక్కి రంగూన్ వెళ్లారు. ఆయనది డెక్కు టికెట్టు. గది లేదు, మంచం లేదు. పైన ఆకాశం, కింద చాప, తల కింద రేకు పెట్టె. ఆ పెట్టె ఇప్పటికీ బరంపురంలో మా అటక మీదే ఉంది. 2025 జూలైలో విశాఖపట్నం నుంచి చెన్నై దాకా క్రూజ్‌లో వెళ్దామని అందరం అనుకున్నాక, బాల్కనీ గదా, కిటికీ గదా, లోపలి గదా అని వారం రోజులు ఒకటే చర్చ. అమ్మ అంతా విని, "మీ తాతకి చాప చాలింది కదరా" అంది. అలా అన్న మనిషే చివరికి బాల్కనీ గదిలో పడుకుంది, అది వేరే సంగతి.

మొత్తం ఏడుగురం. నేను, మా ఆవిడ, పదకొండేళ్ల మా వాడు. పర్లాకిమిడి నుంచి అక్క, బావ. అమ్మ, పిన్ని. ఏజెంటు మా ఊరివాడే. ఒడియా, తెలుగు, హిందీ కలిపి గడగడా మాట్లాడతాడు. అతను మొదటి రోజే ఒక మాట నాటేశాడు: "సార్, ఇంటీరియర్ తీసుకోకండి, ఊపిరాడదు." అది శుద్ధ అబద్ధం. ఏ గదికైనా ఏసీ గాలి ఒకేలా వస్తుంది. లోపలి గదిలో లేనిది కిటికీ, అంతే. పై రకం గది అమ్మితే అతనికి కమిషన్ ఎక్కువ కాబోలు. నేను గట్టిగా అడిగింది ఒకటే, గది ఏ అంతస్తులో, ఓడకి ఏ వైపున వస్తుందని. "అవన్నీ కంపెనీ చూసుకుంటుంది సార్" అన్నాడు.

అతను చెప్పని సంగతి మా వీధికి చేపలు తెచ్చే ఆవిడ చెప్పింది. ఆవిడ వాళ్లది గోపాలపూర్, తరతరాలుగా సముద్రం మీద బతికే తెలుగు కుటుంబం. "అణియంలోనూ వద్దు, అమరంలోనూ వద్దు బాబూ, నడిమిన చూసుకోండి. నడిమిన కూకున్నోడికి కడుపు తిప్పదు" అంది. అణియం అంటే ముందు కొస, అమరం అంటే వెనక కొస. తెప్పకైనా పదకొండు అంతస్తుల ఓడకైనా ఇదే సూత్రం. ముందుకీ వెనక్కీ ఊగేటప్పుడు రెండు కొసలూ లేచి పడతాయి, నడుమ కదలిక తక్కువ. పక్కలకి ఊగేటప్పుడు పై అంతస్తులు ఎక్కువ ఊగుతాయి, కింద తక్కువ. మన తప్తపాణి ఘాట్‌లో బస్సు వెనక సీట్లో కూర్చున్న ఎవరికైనా ఈ ముక్క వేరే చెప్పక్కర్లేదు.

డబ్బు సంగతి. మాకు చెప్పిన రేట్లలో లోపలి గదికి పది రూపాయలనుకుంటే, కిటికీ గదికి పన్నెండున్నర, బాల్కనీకి ఇరవై. ఇది తలకి లెక్క, గదికి కాదు. అదీ గదిలో ఇద్దరుంటారని వేసిన లెక్క. ఒంటరిగా వెళ్లేవాళ్లు ఖాళీ మంచానికి కూడా చాలావరకు వాళ్లే కట్టుకోవాలి. అదే గదిలో పడుకునే మూడో మనిషికి, నాలుగో మనిషికి రేటు తగ్గుతుంది. వీటి మీద పోర్టు ఛార్జీలు, సర్వీసు ఛార్జీ, జీఎస్టీ. మా ఏజెంటు మొదట చెప్పిన అంకెలో ఈ మూడూ లేవు. అడ్వాన్సు కట్టాక వచ్చిన కాగితంలో కనిపించాయి. బావ అతని మీద ఎంత అరిచాడంటే, పక్క షాపులో పట్టుచీరలు చూస్తున్న ఆడవాళ్లు బయటికొచ్చి చూశారు. మీరు రేటు అడిగేటప్పుడు "అన్నీ కలిపి, ఏడుగురికీ, ఆఖరు రూపాయి వరకు" అని అడగండి.

గ్యారంటీ కేబిన్ అని ఇంకో రకం ఉంది. కొంచెం చవక. గది రకం మనం ఎంచుకుంటాం, నంబరు వాళ్లు ఇస్తారు. ఒంట్లో ఓపిక ఉన్న కుర్రాళ్లకి అది బాగానే ఉంటుంది. అమ్మా పిన్నీ ఉన్నప్పుడు ఆ జూదం ఆడకూడదని నా అభిప్రాయం. కానీ వాళ్లిద్దరికీ ఏజెంటు బుక్ చేసింది సరిగ్గా అదే. ఆ మాట మాకు ఓడెక్కే రోజు తెలిసింది.

బరంపురం నుంచి విశాఖకి రైల్లో నాలుగు గంటలు. ఓడ సాయంత్రమే అయినా ముందు రోజే వెళ్లిపోయాం. రైలు లేటైతే ఓడ ఆగదు కదా. జగదాంబ దగ్గర ఒక మామూలు లాడ్జిలో దిగాం. గది శుభ్రం, నీళ్లు వేడి, పొద్దున్న ఇడ్లీ బావుంది, దాని గురించి ఇంతకన్నా చెప్పేది లేదు. క్రూజ్ టెర్మినల్ మాత్రం చూడదగ్గది. 2023 సెప్టెంబరులో ప్రారంభించారు, విశాలంగా, చల్లగా ఉంది. దేశం లోపలి ప్రయాణం కాబట్టి ఆధార్ చాలింది. సామాను స్కానింగు దగ్గర పిన్ని ఆవకాయ సీసా ఆపేశారు. ఇంట్లో చేసిన తిండి ఓడలోకి రానివ్వరట. ఇస్త్రీ పెట్టె కూడా తీసుకెళ్లనివ్వరు. పిన్ని ఆ సీసాని అక్కడి సెక్యూరిటీ అబ్బాయి చేతిలో పెట్టి, "పారేయకు నాయనా, అన్నంలో కలుపుకుని తిను" అని చెప్పి మరీ ఎక్కింది.

ముందు మా గది, లోపలిది. కింది అంతస్తుల్లో, దాదాపు నడిమిన. తలుపు తీయగానే మా ఆవిడ ముఖం చిన్నబోయింది. రెండు మంచాలు, గోడలోంచి కిందికి దిగే పై బెర్తు, చిన్న బల్ల, రైలు బాత్‌రూమ్ కన్నా కాస్త పెద్ద బాత్‌రూమ్. లైటు తీస్తే చీకటి మామూలు చీకటి కాదు, కన్ను తెరిచినా మూసినా ఒకటే. మొదటి రోజు తొమ్మిదిన్నర దాకా పడుకున్నాం. తెల్లారిందో లేదో తెలిసే దారే లేదు. దీనికి మా వాడు ఒక ఉపాయం కనిపెట్టాడు. టీవీలో ఓడ ముందు భాగం నుంచి సముద్రాన్ని చూపించే చానల్ ఒకటుంది. శబ్దం తీసేసి రాత్రంతా దాన్ని పెట్టి ఉంచితే, తెల్లవారేసరికి తెర వెలుగుతుంది, గదిలో వెలుతురు వస్తుంది. కొన్ని పెద్ద ఓడల్లో ఇదే పనికి లోపలి గదుల గోడకి కిటికీ లాంటి తెర బిగిస్తారు. మాకు టీవీ చాలింది.

అక్కావాళ్ల కిటికీ గది సంగతి చెప్తే బావకి మళ్లీ బీపీ పెరుగుతుంది. పరదా తీస్తే కిటికీకి ముప్పావు వంతు నారింజ రంగు లైఫ్ బోటు. మిగిలిన పావు వంతులో సముద్రం. ఇలాంటి గదులు చాలా ఓడల్లో ఉంటాయి. అంతస్తుల నక్షాలో వాటికి వేరే గుర్తు వేస్తారు, మామూలుగా రేటు కూడా తగ్గిస్తారు. మా ఏజెంటు మాత్రం పూర్తి రేటు తీసుకున్నాడు. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ కిటికీ తెరుచుకోదు, గాలి రాదు, కానీ పగటి వెలుతురు వస్తుంది. మా ఆవిడ మధ్యాహ్నాలు వెళ్లి ఆ గదిలోనే కూర్చునేది, లైఫ్ బోటుని చూస్తూ పత్రిక చదువుకుంటూ. ఓడ కదిలే ముందు అందరినీ పోగేసి, ప్రమాదం వస్తే ఏం చేయాలో చెప్పే మస్టర్ డ్రిల్ చేయించారు. దాని తర్వాత బావ జోకులేశాడు: "ఏదైనా అయితే ముందు మేమే ఎక్కుతాం, కిటికీలోంచి దూకడమే." 2012లో ఇటలీ తీరాన కోస్టా కాంకోర్డియా అనే క్రూజ్ ఓడ బోల్తాపడ్డాక, ఓడ కదలక ముందే, లేదా కదిలిన వెంటనే ఆ డ్రిల్ చేయించాలని అంతర్జాతీయ నిబంధన వచ్చింది. బద్ధకించకుండా వెళ్లండి.

ఇక బాల్కనీ. పాత ఓడల్లో బాల్కనీ గదులు తక్కువ. ఉన్నవాటిని కూడా సూట్ అని పేరు పెట్టి అమ్ముతారు. మాది పాత ఓడే. అమ్మావాళ్ల గది పై అంతస్తులో, బాగా వెనక కొసన. సోఫా ఉంది, బాత్‌రూమ్ పెద్దది, బయట రెండు కుర్చీలు. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి ఓడ బయటికి వెళ్తుంటే ఏడుగురమూ ఆ బాల్కనీలోనే ఉన్నాం. యారాడ వైపు లైట్లు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. ఆ అరగంటకి నేను పూర్తి డబ్బులిస్తాను. అమ్మకి మోకాళ్ల నొప్పి, పై డెక్కు దాకా నడవలేదు. మర్నాడు పగలంతా ఆ కుర్చీలో కూర్చుని నీళ్లకేసి చూస్తూనే ఉంది. కాఫీ గదికే తెచ్చిచ్చారు. మాటామంతీ లేదు. భోజనానికి పిలిస్తే, "ఇక్కడికే తేరా" అంది.

దక్షిణానికి వెళ్లేటప్పుడు ఓడకి కుడి వైపు తీరం, ఎడమ వైపు సూర్యోదయం. కుడి వైపు గది తీసుకుంటే ఒడ్డు కనిపిస్తుందని ఏజెంటు ఊరించాడు. ఓడ అంత దూరంలో వెళ్తుంటే ఒడ్డేం కనిపిస్తుంది? సాయంత్రం ఎండ మాత్రం సూటిగా ముఖం మీద కొట్టింది. పొద్దున్నే లేచేవాళ్లుంటే ఎడమ వైపు అడగండి.

రెండో రాత్రి కథ మారింది. జూలై అంటే నైరుతి గాలి. ఓడ వెళ్లేది ఆ గాలికి దాదాపు ఎదురుగా. ముందు కొస లేస్తే వెనక కొస పడుతుంది, అమ్మావాళ్లున్నది ఆ వెనకే. పదకొండు గంటలకి ఫోన్ మోగింది. పిన్నికి వాంతులు. అవోమిన్ బిళ్ల అప్పుడు వేసినా లాభం లేదు, అది ముందే వేసుకోవాల్సింది. నేను మెట్లెక్కి వెళ్తుంటే నడవాలో గోడలు పట్టుకుని నడవాల్సి వచ్చింది. బాల్కనీ తలుపు సందులోంచి గాలి ఈల వేస్తోంది. ఇద్దరినీ మెల్లగా లిఫ్టులో కిందికి తెచ్చి, మా గదిలో మా రెండు మంచాల మీద పడుకోబెట్టాం. అదే ఓడ, అదే సముద్రం, కింద నడిమిన ఉయ్యాల ఊగినట్టు ఉంది, అంతే. పావుగంటలో పిన్ని గురక మొదలైంది. మా ఆవిడా నేనూ పైకి వెళ్లి, ఇరవై రూపాయల సూట్‌లో సోఫా అంచు పట్టుకుని తెల్లారబెట్టాం. మా వాడు పై బెర్తులో కదల్లేదు కూడా.

చిన్న చిన్న సంగతులు కొన్ని. గది గోడలు ఇనుప రేకువి, అయస్కాంతం కొక్కేలు తీసుకెళ్తే తడి తువ్వాళ్లు, సంచులు తగిలించుకోవచ్చు. ప్లగ్గులు తక్కువ. ముగ్గురి ఫోన్లకి ఒకటే దొరికితే ఇంట్లో యుద్ధమే. బాత్‌రూమ్ గడప ఎత్తుగా ఉంటుంది, అమ్మ రెండుసార్లు కాలు తగిలించుకుంది. కమోడ్ నొక్కితే ఒక్కసారిగా పెద్ద శబ్దంతో పీల్చేస్తుంది, పిన్ని మొదటిసారి కేకేసింది. వైఫైకి వేరే డబ్బులు, మేం తీసుకోలేదు. నక్షాలో మీ గదికి పైనా కిందా ఏముందో చూడండి. పైన ఈత కొలను ఉంటే పొద్దున్నే కుర్చీలు ఈడ్చే చప్పుడు, కింద డాన్సు హాలు ఉంటే అర్ధరాత్రి దాకా దడదడ. పైనా కిందా గదులే ఉంటే నిద్ర మనది.

గది శుభ్రం చేసే కుర్రాడు బాగా చూసుకున్నాడు. అమ్మకి అడక్కుండానే రెండో దిండు తెచ్చాడు, మర్నాడు పిన్నికి నిమ్మరసం కూడా. శాకాహారం బావుంది, జైనుల వంట విడిగా ఉంది. సాంబారు తీపి. దాని గురించి అక్క ఇప్పటికీ మాట్లాడుతోంది.

చెన్నైలో దిగి, రాత్రి హౌరా మెయిల్ ఎక్కి ఇంటికొచ్చాం. ఏసీ త్రీ టయర్‌లో పడుకున్నాక పిన్ని, "ఇది ఊగినా బావుందే" అంది.

మళ్లీ వెళ్తే? నన్నడిగితే మేం ముగ్గురం లోపలి గదే, నడిమినే, నంబరు చూసుకునే. మా ఆవిడకి పగటి వెలుతురు కావాలి కాబట్టి తను కిటికీ గది అంటోంది, లైఫ్ బోటు లేనిది. దానికి నేను సిద్ధమే. అమ్మకి మాత్రం బాల్కనీయే, కానీ కింది అంతస్తులో, నడిమిన దొరికితేనే. లేదంటే అందరికీ లోపలి గదులు తీసుకుని, పగలు అమ్మకి డెక్కు మీద నీడలో ఒక కుర్చీ చూస్తాం. పిన్ని రానంటోంది. మొన్న ఏజెంటు ఫోన్ చేసి లక్షద్వీప్ ప్యాకేజీ ఉందన్నాడు. నక్షా పంపి, గది నంబర్లు రాసిస్తే మాట్లాడదాం అన్నాను. రెండు రోజులైంది, ఇంకా పంపలేదు.